సునౌలీ దాటాక మూగబోయిన ఫోన్లు

2025 సెప్టెంబరులో ఖాట్మండు తగలబడినప్పుడు అక్కడ చిక్కుకుపోయిన తెలుగువాళ్ళలో మేమూ ఉన్నాం. ఆ గొడవల్ని టీవీల్లో అందరూ చూశారు. నేను చెప్పబోయేది మా ఫోన్ల సంగతి. ప్రాణాల మీదికి వచ్చిన వేళ చేతిలో ఫోన్ ఉండీ ఇంటికి ఒక్క మాట చెప్పుకోలేకపోవడం ఎలా ఉంటుందో మా బస్సులో వాళ్ళందరికీ తెలిసొచ్చింది. విదేశానికి వెళ్ళే పెద్దవాళ్ళు, వాళ్ళని పంపే పిల్లలు చదువుతారని రాస్తున్నాను.

మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. మావారు రిటైరైనప్పటి నుంచీ ముక్తినాథ్, ముక్తినాథ్ అని కలవరిస్తున్నారు. 108 దివ్యదేశాల్లో సాలగ్రామ క్షేత్రం అదే కదా, ఒంట్లో ఓపిక ఉండగానే చూసెయ్యాలని ఆయన పట్టు. ఒక టూరువాళ్ళకి డబ్బు కట్టాం. రైల్లో గోరఖ్‌పూర్ దాకా, అక్కణ్ణించి బస్సులో సునౌలీ సరిహద్దు, లుంబిని, పోఖరా, ముక్తినాథ్, చివర ఖాట్మండు. మన వైపు నుంచి వెళ్ళే యాత్రా బస్సులు చాలావరకు తిరిగే దారే. వంటవాళ్ళు బియ్యం, పచ్చళ్ళు, గ్యాసు పొయ్యితో సహా వెంటే ఉంటారు. బస్సులో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళమే. మావారికి షుగరు. రెండు పూటలా ఇన్సులిన్ వేసుకోవాలి.

గోరఖ్‌పూర్‌లో టిఫిన్ల దగ్గర ఫోన్ల మాట వచ్చింది. "అక్కడ మన సిమ్ములు పనిచేస్తాయా బాబూ?" అని ఒకావిడ అడిగింది. టూరు మేనేజరు నవ్వాడు. "రోమింగంటే వేలు గుంజుతారమ్మా. మనం దిగే ప్రతి హోటల్లోనూ వైఫై ఉంటుంది. వాట్సాప్‌లో మనవళ్ళ మొహాలు చూస్తూ మాట్లాడుకోండి, పైసా ఖర్చు లేదు" అన్నాడు. నిజానికి మామూలు రోజుల్లో అతని మాట అబద్ధం కాదు. మన ప్రీపెయిడ్ సిమ్ములకి వేసే రోమింగ్ ప్యాకులు రోజుల లెక్కన వందల్లో, ఎక్కువ రోజులకైతే వేలల్లో ఉంటాయి. ఇంట్లో నెలకి వేయించుకునే రీఛార్జితో పోల్చుకుంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అందరం సరేనన్నాం.

ఇద్దరు మాత్రం వేరుగా చేశారు. రిటైరైన స్టేషన్ మాస్టారొకాయన ఉన్నారు. విశాఖలోనే వాళ్ళబ్బాయి ఆయన ఫోన్‌కి రోమింగ్ ప్యాకు వేయించి పంపాడు. "మాస్టారికి పెన్షన్ ఎక్కువైపోయింది" అని బస్సంతా ఆయన్ని ఆటపట్టించింది. రెండోవాడు తల్లిని తీసుకొచ్చిన గాజువాక కుర్రాడు. సరిహద్దు దాటగానే పాస్‌పోర్టు, ఫొటో ఇచ్చి నేపాల్ సిమ్ము కొన్నాడు. డేటా చవగ్గా వచ్చిందని మురిసిపోయాడు.

అలా మా బస్సులో మూడు రకాల ఫోన్లు ఉన్నాయి. వైఫై ఉంటేనే పనిచేసే మా అందరివీ ఒక రకం. నేపాల్ సిమ్ము ఉన్న కుర్రాడిది ఒకటి. రోమింగ్ ఉన్న మాస్టారిది ఒకటి. ఆ తర్వాత జరిగినదంతా ఈ మూడింటి తేడాయే.

సునౌలీలో గేటు దాటితే అవతల బెలహియా. అక్కడ కాసేపు మన టవరు సిగ్నలే అందుతుంది కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. భైరహవా దాటి ముందుకెళ్ళేసరికి ఒక్కొక్క ఫోనూ మూగబోయింది. హోటల్ చేరడం, రిసెప్షన్‌లో పాస్‌వర్డ్ అడగడం, మెట్ల మీద సిగ్నల్ దొరికిన చోట నిలబడి ఇంటికి వీడియో కాల్ చెయ్యడం అలవాటైపోయింది. ముక్తినాథ్‌లో ఆ చలికి వణుకుతూనే 108 ధారల కింద తల తడుపుకున్నాం. మావారి మొహంలో ఆ రోజు కనిపించిన సంతోషం నేను పెళ్ళి నాడు కూడా చూడలేదు.

కిందికి దిగి పోఖరా వచ్చాం. ఒక పొద్దున్న లేచి చూస్తే వాట్సాప్ తిరుగుతూనే ఉంది, ఫోన్ కలవదు. వైఫై పాడైందనుకుని రిసెప్షన్ అబ్బాయిని అడిగితే "సర్కార్ నే బంద్ కియా మాతాజీ" అన్నాడు. సెప్టెంబరు 4న నేపాల్ ప్రభుత్వం తమ దగ్గర రిజిస్టరు చేసుకోలేదని 26 సోషల్ మీడియా యాప్‌లని ఆపెయ్యమని ఉత్తర్వు ఇచ్చింది. ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌తో పాటు వాట్సాప్ కూడా అందులో ఉంది. యాత్రికులకి సోషల్ మీడియా ఏం పని అనుకుంటాం గానీ, మా ఫోన్లలో ఉన్న ఒకే ఒక్క దారి అదే. అది మూసుకుపోయింది.

ఆ అబ్బాయే ఉపాయం చెప్పాడు. వైబర్ అనే యాప్ రిజిస్టరు చేసుకుంది కాబట్టి నడుస్తోందట. అందరం కూర్చుని వైఫై మీద వైబర్ దించుకున్నాం. నంబరు అడిగింది, ఇచ్చాం. "మీ నంబరుకి కోడ్ పంపాం" అంది. ఆ కోడ్ రావలసింది మా సిమ్ముకి. సిమ్ము చచ్చిపడి ఉంది. ఎంతసేపు చూసినా ఏం వస్తుంది? రోమింగ్ లేని సిమ్ముకి ఎస్సెమ్మెస్ కూడా రాదన్న సంగతి మాకు అప్పుడు తెలిసింది. బ్యాంకు ఓటీపీ రాదు, యాప్ కోడ్ రాదు, ఏదీ రాదు. గాజువాక కుర్రాడికి నేపాల్ నంబరు ఉంది కాబట్టి అతనికి కోడ్ వచ్చింది, వైబర్ తెరుచుకుంది. వాళ్ళక్క చేత గాజువాకలో వైబర్ వేయించి, ఆవిడ ద్వారా అందరి ఇళ్ళకీ "బాగానే ఉన్నాం" అని కబురు పంపించాడు. ఎవరో వీపీఎన్ అని ఇంకో యాప్ వేసి పెట్టారు. దాంతో వాట్సాప్ ఒకసారి కలిసేది, మరోసారి కలిసేది కాదు.

స్టేషన్ మాస్టారి ఫోన్‌లో మాత్రం వాట్సాప్ మామూలుగా పనిచేస్తోంది! మేనేజరు నమ్మలేదు, ఫోన్ చేతిలోకి తీసుకుని చూశాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అమ్మాయి తర్వాత విడమరిచి చెప్పింది. రోమింగ్‌లో ఉన్న ఫోన్ అక్కడి టవరునే వాడుకున్నా, దాని ఇంటర్నెట్ మాత్రం సాధారణంగా తిరిగి మన కంపెనీ దగ్గరికే వచ్చి, ఇక్కణ్ణించి బయటికి వెళ్తుంది. నేపాల్ కంపెనీలు మూసిన తలుపు దానికి అడ్డం రాదు. కుర్రాడి సిమ్ము నేపాల్ కంపెనీది, హోటల్ వైఫై కూడా నేపాల్‌దే. అందుకే అవి రెండూ ఆగిపోయాయి, మాస్టారిది ఆగలేదు.

ఇక ఖాట్మండు. పశుపతినాథుని గుడికి నడిచి వెళ్ళేటంత దూరంలో మా హోటల్. 7వ తేదీ రాత్రి చంద్రగ్రహణం. 8వ తేదీ పొద్దున్నే స్నానాలు చేసి దర్శనం చేసుకున్నాం. తిరిగి వస్తుంటే కాలేజీ యూనిఫారాలు వేసుకున్న పిల్లలు గుంపులు గుంపులుగా అట్టల మీద ఏదో రాసి పట్టుకుని పోతున్నారు. యాప్‌లు ఆపినందుకు, నాయకుల అవినీతికి ఎదురుతిరిగిన పిల్లలని హోటల్‌వాళ్ళు చెప్పారు. మధ్యాహ్నం పార్లమెంటు ఉన్న బానేశ్వర్ వైపు నుంచి టపటపమని చప్పుళ్ళు. మేం టపాకాయలనుకున్నాం. కర్ఫ్యూ పెట్టేశారు. ఆ ఒక్క రోజులో 19 మంది చనిపోయారని రాత్రికి తెలిసింది. ఆ రాత్రే యాప్‌ల మీద నిషేధం ఎత్తేశారు. మర్నాడు పొద్దున్న వాట్సాప్ తెరుచుకుంటే, హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాం.

9వ తేదీ అసలు గండం వచ్చింది. పార్లమెంటు, ప్రభుత్వ కార్యాలయాలుండే సింఘ దర్బార్, సుప్రీంకోర్టు అన్నీ తగలబెట్టారు. మధ్యాహ్నానికి ప్రధాని ఓలీ రాజీనామా చేశాడు. విమానాశ్రయం మూసేశారు. మా డాబా మీదికి వెళితే నాలుగు వైపులా నల్లటి పొగ. హోటళ్ళకి కూడా నిప్పు పెడుతున్నారని వినగానే మా హోటలాయన షట్టరు దించి, బయటి దీపాలన్నీ ఆర్పించేశాడు. సాయంత్రానికి మా వీధిలో కరెంటు పోయింది. కరెంటుతో పాటు వైఫై పోయింది. నిషేధం లేదు, వాట్సాప్ ఉంది, కానీ అది మోగడానికి దారి లేదు.

అప్పటికి మన దగ్గర టీవీల్లో పొద్దుట్నించీ అదే చూపిస్తున్నారు. మా అమ్మాయి మా ఇద్దరి నంబర్లకీ మార్చి మార్చి చేస్తూనే ఉందట. "స్విచ్ ఆఫ్" అని వస్తుంటే దానికి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. మా ఫోన్లలో ఛార్జింగ్ నిండుగా ఉంది. దాని కాల్ ఒక్కటీ మా వరకూ రాలేదు.

కుర్రాడి నేపాల్ సిమ్ము ఆ రాత్రి కొంతసేపు ఆదుకుంది. అందరం తలా ఒక నిమిషం మాట్లాడుకున్నాం. ఇండియాకి ఐఎస్‌డీ కదా, బ్యాలెన్స్ చూస్తుండగానే అయిపోయింది. రీఛార్జి చేయిద్దామంటే దుకాణాలన్నీ మూత. అక్కడి వాలెట్ యాప్‌లకి మన కార్డులు పనికిరావు. రోజూ అతి చవకగా పనిచేసిన సిమ్ము ఆ రాత్రి పది గంటలకి పక్కన పెట్టాల్సి వచ్చింది.

మిగిలింది స్టేషన్ మాస్టారి ఫోన్. ఆయన అర్ధరాత్రి ఒక నోటు పుస్తకం తీసి, కొవ్వొత్తి ముందు కూర్చుని, అందరి పేర్లు, వయసులు, ఊళ్ళు, మందుల వివరాలు రాసుకున్నారు. "ఇక మీదట ఈ ఫోన్‌లో కబుర్లు లేవు. పని మాటలే. ఒక్కొక్కరికి ఒక్క వాక్యం" అన్నారు. స్టేషన్‌లో లైన్ క్లియర్ ఇచ్చినట్టే ఒక్కొక్కరినీ పిలిచి ఫోన్ చేతికిచ్చేవారు. ఏడవడానికి కూడా టైము ఇవ్వలేదు. ప్యాకులో నిమిషాలు అయిపోవస్తుంటే విశాఖలో వాళ్ళబ్బాయి అక్కడి నుంచే ఆ నంబరుకి ఇంకో ప్యాకు వేశాడు. మన సిమ్ముకైతే ఇంటి దగ్గర కూర్చుని ఎవరైనా రీఛార్జి చెయ్యొచ్చు. కుర్రాడి సిమ్ముకీ మాస్టారి సిమ్ముకీ ఉన్న పెద్ద తేడా ఇదే.

10వ తేదీ పొద్దున్నకి సైన్యం రోడ్ల మీద ఉంది. మావారి ఇన్సులిన్ పెన్ను ఖాళీ. పెట్టెలో ఉండాల్సిన రెండో పెన్ను దారిలో ఏ హోటల్ ఫ్రిజ్‌లో ఉండిపోయిందో దొరకలేదు. ఆయన పెదాలు ఎండిపోయి, మాటిమాటికీ మంచినీళ్ళడుగుతున్నారు. హోటల్ అబ్బాయి మమ్మల్ని సందుల్లోంచి నడిపించి ఒక మందుల షాపుకి తీసుకెళ్ళాడు. మలుపు దగ్గర సైనికులు ఆపారు. ఖాళీ పెన్ను చూపిస్తే వెళ్ళనిచ్చారు. షాపాయన షట్టరు మోకాలెత్తు లేపి లోపలి నుంచే మాట్లాడాడు. మా పెన్నులోకి పట్టే మందు లేదు, సీసాలో ఉన్నదే ఉందన్నాడు. పేరు వేరు, డబ్బా వేరు. ఇదీ అదీ ఒకటేనా? ఎన్ని యూనిట్లు ఎక్కించాలి? పొరపాటు పడితే షుగరు పడిపోయి ప్రాణానికే ముప్పు.

మాస్టారు మా వెంటే వచ్చారు. అనకాపల్లిలో మా డాక్టరుగారికి ఫోన్ కలిపి, స్పీకర్లో పెట్టి, షట్టరు కింద నుంచి లోపలికి జరిపారు. డాక్టరుగారు హిందీలో డబ్బా మీద ఏముందో చదవమన్నారు. "ముప్పై–డెబ్బైయేనా? మిల్లీలీటరుకి నలభై యూనిట్లా?" అని అడిగి తేల్చుకున్నారు. తర్వాత నాతో, "అమ్మా, సీసా నలభై యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజీయే వాడాలి. నారింజ మూతది నూరు యూనిట్లకి, అది ముట్టుకోవద్దు. మీరు పెన్నులో ఎన్ని యూనిట్లు వేస్తున్నారో ఎర్ర మూత సిరంజీలో అన్నే గీతలు" అని రెండుసార్లు చెప్పించుకున్నారు. నేను తిరిగి అప్పజెప్పాకే ఫోన్ పెట్టారు. ఆ మాటలన్నీ కలిపి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

డబ్బు దగ్గర మళ్ళీ పేచీ. నేపాలీ రూపాయలు అయిపోయాయి. 2024 నుంచి నేపాల్ దుకాణాల్లో మన యూపీఐ పనిచేస్తోంది, షాపాయన గోడకి క్యూఆర్ అట్ట కూడా ఉంది. మా ఫోన్‌కి ఇంటర్నెట్ లేదు, ఉన్నా మా బ్యాంకు యాప్ సిమ్ము నుంచి ఎస్సెమ్మెస్ వెళ్తే గానీ తెరుచుకోనంటుంది. మన వంద రూపాయల నోట్లు కొన్ని ఉంటే షాపాయన ఒకటికి ఒకటిన్నర పైన లెక్క కట్టుకుని తీసుకున్నాడు. తక్కువైనదానికి "రేపు ఇవ్వండి" అన్నాడు. ఆ మహానుభావుడికి నా నమస్కారం. మర్నాడు హోటల్ అబ్బాయి చేత మిగతాది పంపించాం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హెల్ప్‌లైన్ పెట్టిందని మా అమ్మాయి మాస్టారి ఫోన్‌కి మెసేజ్ పెట్టింది. మాస్టారు తన నోటు పుస్తకం పేజీలు ఫొటోలు తీసి, హోటల్ లొకేషన్‌తో సహా వాట్సాప్‌లో పంపారు. వాళ్ళు తిరిగి ఫోన్ చేసి ఒక్కొక్క పేరూ సరిచూసుకున్నారు. ఎప్పుడు సిద్ధంగా ఉండాలి, ఏ బస్సు వస్తుంది, విమానాశ్రయం ఎప్పుడు తెరుస్తారు, అన్నీ ఆ ఒక్క నంబరుకే వచ్చాయి. ఆ రెండు రోజులూ మా బస్సు మొత్తానికి అదే చిరునామా. 10వ తేదీ సాయంత్రం విమానాలు మళ్ళీ మొదలయ్యాయి. 11న రాష్ట్ర ప్రభుత్వం విశాఖకి, తిరుపతికి ప్రత్యేక విమానం నడిపింది. అందులో మేం విశాఖలో దిగాం.

ఇంటికొచ్చాక చాలామంది "రోమింగ్ వేయించుకుంటే అయిపోయేది కదా" అన్నారు. అంత సులువుగా చెప్పెయ్యకండి. పెన్షన్ మీద బతికేవాళ్ళు ఇద్దరికీ రెండు ప్యాకులు వేయించుకోవడం తేలిక కాదు. అందుకే మా అనుభవం మీద, తక్కువ ఖర్చులో ఏం చెయ్యొచ్చో చెబుతాను.

ఇంటికి ఒక్క ఫోన్‌కైనా, బృందంలో రెండు ఫోన్లకైనా ఇండియాలో ఉండగానే రోమింగ్ వేయించండి. సరిహద్దు దాటాక మన ఫోన్‌లోంచే వేయించుకుందామంటే ఆ సిమ్ముకి కోడ్ రాదు, యాప్ తెరుచుకోదు. అన్నిటికంటే చిన్న ప్యాకైనా ఫరవాలేదు. అయిపోతే ఇంటి దగ్గర పిల్లలు ఇంకోటి వేస్తారు. ప్యాకు ఏ దేశానికి, ఎన్ని నిమిషాలకి, వచ్చే కాల్సుకి కూడా నిమిషాలు తరుగుతాయా అన్నది అడిగి రాసుకోండి. ప్యాకు లేకుండా డేటా రోమింగ్ బటన్ మాత్రం నొక్కకండి, బిల్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

ఎక్కువ రోజులు ఉండేవాళ్ళు అక్కడి సిమ్ము కొనుక్కోండి, చవక. కానీ మన సిమ్ము తీసి పారెయ్యకండి. రెండు సిమ్ముల ఫోన్‌లో ఒకదాన్లో అది, ఒకదాన్లో ఇది పెట్టుకోండి. బ్యాంకు ఓటీపీ మన నంబరుకే వస్తుంది, అదీ రోమింగ్ ఉంటేనే. ఇప్పుడు పిల్లలు ఆన్‌లైన్‌లో కొనిచ్చే ట్రావెల్ ఈసిమ్‌లలో చాలావాటికి ఇంటర్నెట్ తప్ప నంబరు ఉండదు. వాటితో ఓటీపీ పని జరగదు.

ఇంట్లోవాళ్ళ నంబర్లు, డాక్టరు నంబరు, ఆ దేశంలో మన ఎంబసీ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. మా బస్సులో కూతురి నంబరు నోటికి వచ్చినవాళ్ళు నలుగురైదుగురే. మందుల చీటీ మీద బ్రాండు పేరుతో పాటు అసలు మందు పేరు, మోతాదు కూడా డాక్టరు చేత రాయించుకోండి.

చివరిగా టూరువాళ్ళకి ఒక మాట. భోజనం, గది, బస్సు లెక్కలో వేసుకున్నట్టే బస్సుకి ఒక రోమింగ్ ఫోన్ కూడా లెక్కలో వేసుకోండి. ఆ ఖర్చు బస్సులో అందరికీ పంచితే తలా ఒక టిఫిను ఖరీదు కూడా కాదు. యాత్రకి డబ్బు కట్టేవాళ్ళు కూడా ముందుగా ఆ మాట అడగండి. "వైఫై ఉందిగా" అంటే ఒప్పుకోకండి.